పాత ఎముక వ్యాధులు – అర్బుద భయము
గృహస్థులు గమనింపవలసిన ఐదు గుర్తులు

సప్తధాతువులలో అస్థి ఐదవది. మాంసము, మేదస్సు తరిగినను పెరిగినను కంటికి వెంటనే తెలియును. ఎముక సంగతి అట్లు కాదు. అది లోపల ఉండి నెమ్మదిగా చెడును, నెమ్మదిగా మానును. అందువలన దీర్ఘకాలపు ఎముక రోగము గలవారు దానితో కాపురము చేయుటకు అలవాటు పడుదురు. "ఇది ముప్పది ఏండ్ల నాటి పుండు, దీనితో ప్రాణభయము లేదు" అని రోగియు, ఇంటివారును నిశ్చింతగా ఉందురు. వందమందిలో తొంబది ఎనిమిది మంది విషయమున ఆ మాట నిజమే. మిగిలిన ఒకరిద్దరిని గురించియే ఈ వ్యాసము.

ఏండ్ల తరబడి మానక ఉన్న కొన్ని ఎముక వ్యాధులలో క్యాన్సర్ పుట్టుట కలదు. అది అరుదు. కాని పుట్టినప్పుడు పాత రోగము చాటున దాగి పెరుగును. కొత్త నొప్పిని పాత నొప్పియే అనుకొందురు. కొత్త వాపును పాత వాపే మరల తిరుగబెట్టినది అనుకొందురు. తైలము మార్చి, లేపము మార్చి నెలలు గడుపుదురు. ఆ నెలలే రోగి ప్రాణమునకు విలువైనవి.

ముందుగా ఒక ధైర్యవచనము. మోకాళ్ల అరుగుదల, వయస్సుతో వచ్చు ఎముకల గుల్లతనము, నడుము పూసల అరుగుదల క్యాన్సరుగా మారవు. విరిగి చక్కగా అతికిన ఎముకకును ఈ భయము లేదు. క్రింద చెప్పబోవు మూడు తెగల వ్యాధులు గలవారే జాగ్రత్త పడవలెను.

శాస్త్రదృష్టి

సుశ్రుతాచార్యులు విద్రధులను వర్ణించుచు ఎముకలోని మజ్జ పక్వమగుటను ఘోరమైన వ్యాధిగా చెప్పినారు. చీమునకు వెలుపలికి దారి లేక లోపల అగ్నివలె దహించుననియు, దారి ఏర్పడిన పిదప స్రవించుననియు ఆ వర్ణన. చీము తనకు తాను త్రవ్వుకొన్న ఆ గొట్టమువంటి దారికి నాడీవ్రణమని పేరు. ఇక అర్బుదమనగా గుండ్రముగా, కదలక, లోతైన మూలముతో, నెమ్మదిగా పెరుగు మాంసపు ముద్ద. అది సాధారణముగా పక్వము కాదని కూడ శాస్త్రము చెప్పినది. మన పెద్దలు రాచపుండు అని భయముతో చెప్పుకొన్న వ్యాధులలో ఇట్టివి కొన్ని ఉండి ఉండవచ్చును. ప్రాచీనుల అర్బుదమును నేటి క్యాన్సరును అక్షరాలా ఒకటే అనుట సరికాదు. అయినను మాంసార్బుదము, రక్తార్బుదము అసాధ్యములని ఆ మహర్షులు దాపరికము లేక చెప్పుటలో మనకు పాఠము కలదు. సాధ్యాసాధ్యములు తెలియక మందు మొదలు పెట్టరాదు.

1. చీము పట్టిన ఎముక

మన ప్రాంతములలో ఎక్కువగా కనిపించునది ఇదియే. ఆధునికులు దీనిని ఆస్టియోమైలైటిస్ అందురు. ఎముక విరిగి చర్మమును చీల్చుకొని వచ్చినప్పుడు మట్టి, క్రిములు చేరుటచేతను, బాల్యములో రక్తము ద్వారా క్రిములు ఎముకలో చేరుటచేతను ఇది కలుగును. మొదటనే చీమును తీసి, మందులను వారముల తరబడి విడువక వాడినచో చాలమందికి మానును. జ్వరము తగ్గగానే మందు మానివేసినచో ఎముకలో కొంత భాగము రక్తప్రసారము లేక చచ్చును. చచ్చిన ఆ ముక్క లోపల ఉన్నంతకాలము చీము ఆగదు. చర్మముపై ఒక రంధ్రము ఏర్పడి, కొన్నాళ్లు ఎండి, మరల కారుచుండును. అప్పుడప్పుడు చిన్న చిన్న ఎముక పేళ్లు బయటికి వచ్చును.

ఆ రంధ్రపు అంచుననున్న చర్మము ప్రతిదినము చెడుచు, ప్రతిదినము కొత్తగా పుట్టుచుండును. ఇరువది ముప్పది ఏండ్లు ఇట్లు జరుగగా, కొత్తగా పుట్టు కణములలో ఏదో ఒకటి కట్టు తప్పి పెరుగుటకు అవకాశము కలుగును. అదియే క్యాన్సర్. దీర్ఘకాల ఆస్టియోమైలైటిస్ గలవారిలో నూటికి ఇద్దరికన్న తక్కువమందికి ఇది సంభవించును. ఎక్కువగా మోకాలి దిగువ ఎముక వద్దను, తరువాత తొడ ఎముక వద్దను కనిపించును. నిజమునకు ఇది ఎముకలో పుట్టినది కాదు. చర్మపు పొరలో పుట్టి, నాడీవ్రణము వెంట లోపలికి దిగి ఎముకను తినును. మానిన మచ్చలలో, మానని పుండ్లలో పుట్టు ఇట్టి వికారమును ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జొలిన్ 1828లో వర్ణించినాడు. అందుచే దీనిని మార్జొలిన్ పుండు అందురు.

సుమారు పదునైదేండ్ల క్రిందట గోదావరి లంక గ్రామము నుండి ఒక రైతు నా వద్దకు వచ్చినాడు. వయస్సు ఏబది నాలుగు. పన్నెండవ ఏట చెట్టు మీదినుండి పడి కాలి ఎముక విరిగి చర్మము చీల్చుకొని వచ్చినదట. ఎముక అతికినది గాని చీము నిలువలేదు. నలుబది ఏండ్లుగా వేసవిలో ఎండుచు, వానలలో కారుచు ఉన్నది. ఆయన నన్ను కోరినది జాత్యాది తైలము మాత్రమే. వెంట వచ్చిన ఇల్లాలు గుమ్మము దగ్గర నిలబడి, "శాస్త్రిగారూ, ఈ నాలుగు నెలల నుంచీ కట్టుగుడ్డల వాసన మారిందండి. ఉతికేదాన్ని నాకు తెలుసు. మునుపు చీము వాసనే, ఇప్పుడు కుళ్లు వాసనండి" అన్నది.

కట్టు విప్పి చూచితిని. రంధ్రము చుట్టును అంచులు గట్టిపడి పైకి లేచినవి. ఒక ప్రక్క మాంసము కాలీఫ్లవర్ పువ్వువలె పెరిగినది. దూది తగిలినంతనే నెత్తురు చిమ్మినది. నేను తైలము ఇయ్యలేదు. పట్టణమునకు పోయి ముక్క పరీక్ష చేయించుకొనుమని చీటి వ్రాసి ఇచ్చితిని. "కాలు తీసేస్తారండి, నేను వెళ్లను" అని ఆయన కూర్చుండిపోయినాడు. "కాలు సంగతి తరువాత చూతము. రోగము పేరు తెలియకుండ నేను మందు ఇయ్యను" అని చెప్పితిని. ఇల్లాలే పట్టుబట్టి తీసికొనిపోయినది. పరీక్షలో క్యాన్సర్ అని తేలినది. గజ్జలలోనికి పాకలేదు. మోకాలి దిగువన కాలు తీసినారు. ఏడాది తిరుగకుండ కృత్రిమపాదముతో కొబ్బరితోటకు నడచిపోయినాడు. నేటికిని సుఖముగా ఉన్నాడు.

ఇట్టి లక్షణములతోనే మరియొకరు ఎనిమిది నెలలు లేపములతో గడపి, గజ్జలలో బిళ్లలు కట్టిన పిదప నా వద్దకు వచ్చినారు. ఆయన ఏడాది బ్రతుకలేదు. ఇరువురి రోగము ఒక్కటియే. మొదటివాని ఇంటిలో వాసన మారిన సంగతి గమనించి చెప్పినవారున్నారు.

2. పేజెట్ వ్యాధి

ఇది ఇంగ్లండులోను, అచటివారు వలసపోయిన దేశములలోను ఎక్కువ. మన దేశములో అరుదు, కాని లేకపోలేదు. సాధారణముగా ఏబది ఏండ్లు దాటినవారికి వచ్చును. ఎముక కరగుట, కొత్త ఎముక కట్టుట అను రెండు పనులును అదుపు తప్పి వేగముగా జరుగును. దానివలన ఎముక లావెక్కును గాని బలము తప్పును. కాళ్లు విల్లువలె వంగుట, తల పెద్దదగుట, చెవుడు, ఎముకపై చేయి వేసిన వెచ్చగా తగులుట దీని గుర్తులు. రక్తములో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అను పదార్థము పెరిగి ఉండును.

లండను నగరపు శస్త్రవైద్యుడు సర్ జేమ్స్ పేజెట్ ఈ వ్యాధిని 1877లో ప్రకటించినాడు. ఆయన వర్ణించిన మొదటి రోగి కథయే మనకు పెద్ద పాఠము. ఆ రోగిని పేజెట్ 1856 నుండి ఇరువది ఏండ్లు కనిపెట్టి ఉన్నాడు. కాళ్లు వంగినవి, తల పెరిగి టోపీ కొలత మారుచు వచ్చినది. అయినను సాధారణ ఆరోగ్యము చెడలేదు. 1876లో ముంజేతి ఎముకలో కొత్తగా నొప్పి పుట్టినది, అచట గడ్డ పెరిగినది. కొద్ది కాలములోనే ఆ రోగి మరణించినాడు. ఇరువది ఏండ్లు చంపని రోగము, తీరు మార్చుకొన్న పిదప కొన్ని నెలలలో చంపినది.

పేజెట్ వ్యాధి గలవారిలో ఎముక క్యాన్సర్ వచ్చునది నూటికి ఒకరికి లేక అంతకన్న తక్కువ. కటి ఎముక, తొడ ఎముక, భుజము ఎముక, పుర్రె దీనికి ముఖ్య స్థానములు. ఈ క్యాన్సర్ ఎముకను కట్టు కణములలోనే పుట్టును, వేగముగా ఊపిరితిత్తులకు పాకును. పేజెట్ వ్యాధి ఉన్నదని తెలిసినవారు రాత్రి నిద్ర చెడగొట్టు కొత్త నొప్పిని ఒక్క నెల కూడ ఉపేక్షింపరాదు.

3. ఎముకపై బొడిపెలు, మృదులాస్థి గడ్డలు

అస్థి వృద్ధి పొందినప్పుడు అధ్యస్థి, అనగా అదనపు ఎముక, పుట్టునని మన శాస్త్రమున్నది. కొందరు పిల్లలకు మోకాలి వద్దనో భుజము వద్దనో ఎముకపై గట్టి బొడిపె లేచును. ఒక్కటే ఉన్నచో భయము చాల తక్కువ. ఒంటినిండ అనేకముగా ఉన్నచో అది తరచు వంశమున వచ్చునది. అట్టివారిలో నూటికి ఒకరి నుండి అయిదుగురి వరకు, పెద్దవయస్సులో ఒక బొడిపె క్యాన్సరుగా మారవచ్చును. పిల్లవాని ఎదుగుదలతో పాటు బొడిపెయు ఎదుగును, ఎదుగుదల ఆగగానే ఆగును. ఇది నియమము. ఇరువది ఏండ్లు దాటిన తరువాత బొడిపె మరల పెరుగుట మొదలిడినచో అది నియమము తప్పినదని అర్థము. దాని పైనున్న మృదులాస్థి పొర రెండు సెంటీమీటర్లు మించి మందమైనచో వైద్యులు అనుమానింతురు.

ఎముక లోపలనే అనేక మృదులాస్థి గడ్డలు పుట్టునది ఒలియర్ వ్యాధి. ఇందులో క్యాన్సర్ భయము చాల ఎక్కువ. అట్టివారు జీవితాంతము ఎముకల వైద్యుని పర్యవేక్షణలో ఉండవలెను. పూర్వము ఏదో వ్యాధికి కరెంటు చికిత్స, అనగా రేడియేషన్, తీసికొన్న చోట ఏండ్ల తరువాత ఎముక నొప్పి పుట్టినను ఈ అనుమానము ఉంచుకొనవలెను.

ఐదు గుర్తులు

గురుకులములో మాకు మొదటి ఏటనే నేర్పిన పాఠము వ్రణపరీక్ష. గంధము, వర్ణము, స్రావము, వేదన, ఆకృతి అను ఐదింటిని ప్రతిదినము చూచి గురువుగారికి ఒప్పగించవలెను. "నిన్నటికి నేటికి ఏమి మారినది?" అన్నదే ఆయన అడుగు ప్రశ్న. ఈ ఐదింటిని గృహిణులు కూడ సులభముగా చూడగలరు.

గంధము: పాత చీము వాసన పోయి భరింపరాని కుళ్లు వాసన వచ్చుట.

వర్ణము: అంచులు గట్టిపడి తెల్లబారుటయో నల్లబారుటయో, లోపలి మాంసము ఎఱ్ఱగా పైకి ఉబుకుట.

స్రావము: చీము హఠాత్తుగా ఎక్కువగుట, నెత్తురు కలియుట, తాకినంతనే నెత్తురు కారుట.

వేదన: అలవాటైన నొప్పి తీరు మారుట. నడచినప్పుడు మాత్రమే ఉన్న నొప్పి విశ్రాంతిలోను రాత్రివేళను సలుపుట. మునుపు నొప్పి లేని చోట పుట్టుట.

ఆకృతి: పుండు వెడల్పగుట, పువ్వువలె మాంసము లేచుట, గడ్డ పెరుగుట, గజ్జలలో గాని చంకలో గాని బిళ్లలు కట్టుట, చిన్న దెబ్బకే ఎముక విరుగుట.

పుండు లేక గడ్డ మాత్రమే ఉన్నవారు వేదన, ఆకృతి అను చివరి రెండింటిని చూచుకొనిన చాలును. వీనిలో ఏ ఒక్కటి కనిపించినను క్యాన్సరే అని బెదరనక్కరలేదు. చీము మరల తిరుగబెట్టినను, ఎముకల క్షయ ఉన్నను కొన్ని గుర్తులు ఇట్లే ఉండును. కాని ఏది ఏదో కంటితో తేల్చుట నావంటి వృద్ధవైద్యునికి కూడ సాధ్యము కాదు. పరీక్ష చేయింపవలసినదే.

పరీక్షలు

మొదట ఎక్స్‌రే తీయింపవలెను. పాత ఎక్స్‌రేలు ఉన్నచో పారవేయక వెంట తీసికొనిపోవలెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే కొత్తగా ఎముక తినబడినది తెలియును. అవసరమైనచో ఎమ్.ఆర్.ఐ., ఛాతీకి సి.టి. స్కాన్ చేయుదురు. కడపటి నిర్ణయము బయాప్సీ, అనగా ముక్క పరీక్ష వలననే. పాత పుండునకు ఒక్క చోటి ముక్క చాలదు. అంచునుండియు, లోతునుండియు పలుచోట్ల తీయవలెను. ఒకసారి ఏమియు లేదని వచ్చినను గుర్తులు తగ్గనిచో మరల చేయింపవలెను. ఎముక గడ్డ విషయములో, పిదప శస్త్రచికిత్స చేయబోవు వైద్యుని ఆసుపత్రిలోనే ముక్క తీయించుట మంచిది. హైదరాబాదులోని ప్రభుత్వ మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన ప్రాంతములో ఇట్టి చికిత్సకు ఉన్నవి.

చికిత్స – కాలు పోవునను భయము

పుండులో పుట్టిన క్యాన్సరుకు చుట్టునున్న మంచి భాగముతో సహా కోసి తీయుటయే ముఖ్య చికిత్స. తొలిదశలో వచ్చినవారికి కొందరికి అవయవము నిలుపుట సాధ్యమగును. ఎముకలోనికి దిగినచో కాలు తీయవలసి రావచ్చును. ఎముక కట్టు కణముల క్యాన్సరులో శస్త్రచికిత్సతో పాటు తగినవారికి మందుల చికిత్స ఇత్తురు. మృదులాస్థి క్యాన్సరుకు శస్త్రచికిత్సయే ప్రధానము.

కాలు పోవుట చిన్న విషయమని నేను చెప్పను. కాని 1968లో జయపూరులో డాక్టరు పి.కె. సేథీ, పనివాడైన రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన జయపూరు పాదము మన దేశపు పల్లెల కొరకు పుట్టినది. చెప్పులు లేకయే పొలముగట్టుపై నడువవచ్చును, బాసిపట్టు వేసికొని కూర్చుండవచ్చును.

ఇంటిలో చేయదగినవి

చీము కారు పుండును వేపాకు గాని త్రిఫలచూర్ణము గాని వేసి బాగుగ కాచి, వడగట్టి చల్లార్చిన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో కట్టవలెను. కట్టు విప్పునప్పుడు ఐదు గుర్తులను చూచి, నెలకొకసారి తేదీతో పుస్తకములో వ్రాసికొనవలెను. పుండు వెడల్పును దారముతో కొలిచి వ్రాసిన మరింత మేలు. మధుమేహము ఉన్నచో అదుపులో ఉంచవలెను. పొగ త్రాగుట ఎముక మానుటకు శత్రువు, కనుక మానవలెను. ఆహారములో రాగులు, పాలు, నువ్వులు, మునగాకు, పప్పుదినుసులు ఉండవలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నపు పదార్థము కలదు. ఇవి ఎముకకు బలము నిచ్చును, క్యాన్సరును ఆపవు.

చేయరానివి

తెలియని గడ్డపై మర్దనము, కాపడము, బిగించి కట్టుట కూడదు. వాతలు పెట్టరాదు. పాషాణము, తాళకము కలిసిన లేపములు, తెలియనివారి క్షారలేపములు పుండుపై వేయరాదు. పైమాంసము రాలి పుండు శుభ్రపడినట్లు కనిపించును, లోపల రోగము పెరుగుచుండును. పాషాణము దీర్ఘకాలము దేహమున చేరినచో అదియే చర్మపు క్యాన్సరుకు కారణమగును. మూలము చచ్చిన ఎముకలో ఉన్న నాడీవ్రణమునకు క్షారసూత్రము పనికిరాదు. ముందు ఆ ముక్కను శస్త్రవైద్యుడు తీయవలెను.

తరచు అడుగు సందేహములు

ముక్క తీసినచో క్యాన్సర్ పాకునా?
సరియైన పద్ధతిలో తీసినచో పాకునను భయము పెట్టుకొననక్కరలేదు. పరీక్ష చేయింపక గడపిన కాలములో మాత్రము అది తప్పక పెరుగును.

నల్లేరు, లాక్షాగుగ్గులు వాడవచ్చునా?
ఇవి విరిగిన ఎముక అతుకుటకు మన సంప్రదాయములో వాడుచున్న మందులు. పెరుగుచున్న గడ్డకు కావు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఏ మూలికయైనను ఆ వైద్యునికి చెప్పియే తీసికొనవలెను.

నలుబది ఏండ్ల పుండును ఇప్పుడు మాన్పించుకొనవలెనా?
తప్పక ప్రయత్నింపవలెను. చచ్చిన ఎముక తీసివేసి పుండును పూర్తిగా మాన్పుటయే క్యాన్సరు రాకుండ మేలైన ఉపాయము. ఏ గుర్తులు లేకున్నను ఒకసారి ఎముకల శస్త్రవైద్యునికి చూపవలెను.

ఇంటిలో ఇట్టి పాత రోగి ఉన్న పాఠకులు ఈ వారమే కట్టు విప్పినప్పుడు వెలుతురులో ఒకసారి శ్రద్ధగా చూచి, ఐదు గుర్తులను పుస్తకములో వ్రాసి ఉంచవలెను. వచ్చే నెల దానితో పోల్చి చూచి, మార్పు కనిపించినచో తైలము కొరకు నావంటివారి వద్దకు గాక, ముందుగా పరీక్షకు పోవలెను.